కయాత్సోకి పిజ్జా ప్రయాణం: పెపే ఇన్ గ్రానిలో టేబుల్ బుకింగ్ నుంచి రాత్రి బస దాకా

దక్షిణ ఇటలీలోని కంపానియా ప్రాంతంలో, కజెర్తా జిల్లాలో, వోల్తుర్నో నది లోయ పక్కన గుట్ట మీద ఉన్న చిన్న ఊరు కయాత్సో. జనాభా సుమారు 5 వేలు. ఫ్రాంకో పెపే 2012లో తెరిచిన పెపే ఇన్ గ్రాని అనే పిజ్జేరియా కోసమే చాలామంది ఈ ఊరికి వెళ్తారు. ఆ పేరుకి మిరియాలు, అంటే పొడి కొట్టని మిరియం గింజలు అని అర్థం. పెపే ఆయన ఇంటిపేరు కూడా.

రోమ్‌లోనో నేపుల్స్‌లోనో పిజ్జా తినడానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. ఇక్కడ కావాలి. టేబుల్ ముందే దొరకాలి, ఊరికి రైళ్లూ బస్సులూ తక్కువ, రాత్రి పదింటికి భోజనం ముగిశాక వెనక్కి తీసుకెళ్లే వాహనం ఉండదు. అందుకే ఈ ప్రయాణాన్ని టేబుల్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి.

## 1. ముందు రోజు, పూట తేల్చుకోండి

వారంలో మధ్య రోజులు, అంటే మంగళవారం నుంచి గురువారం వరకు, టేబుల్ దొరకడం తేలిక. శుక్ర, శని, ఆదివారాల్లో నేపుల్స్ నుంచీ రోమ్ నుంచీ కుటుంబాలు వస్తాయి. ఇటలీలో చాలా పిజ్జేరియాలకు సోమవారం సెలవు కాబట్టి ఆ రోజు పెట్టుకోవద్దు.

ఇటలీలో పిజ్జా ఎక్కువగా రాత్రి భోజనమే. పొయ్యి సాయంత్రం ఏడు ప్రాంతంలో వేడెక్కుతుంది. మధ్యాహ్నం వడ్డించే రోజులు తక్కువ. అయినా కారు లేనివాళ్లకి, పిల్లలతో వచ్చేవాళ్లకి మధ్యాహ్నం దొరికితే అదే మేలు, పగటి వెలుగులో తిరిగి రావచ్చు. ఏ రోజుల్లో మధ్యాహ్నం తెరుస్తారో వాళ్ల వెబ్‌సైట్‌లో మీరు వెళ్లే నెలకి చూసుకోండి.

ఆగస్టు 15 ఇటలీలో పెద్ద పండుగ. దాని చుట్టూ ఉన్న రెండు వారాలు ఊళ్లకి ఊళ్లే సెలవు మీద ఉంటాయి. ఎండ కూడా మన రోహిణి కార్తెను గుర్తుచేస్తుంది. మే, జూన్, సెప్టెంబరు, అక్టోబరు అన్ని విధాలా అనుకూలం.

## 2. టేబుల్ బుక్ చేయడం

బుకింగ్ పిజ్జేరియా సొంత వెబ్‌సైట్‌లోనే చేయండి. తేదీలు తెరుచుకోగానే తీసుకోవడం మంచిది. వారాంతమైతే కొన్ని వారాల ముందే ప్రయత్నించాలి.

బుకింగ్ ఫారంలో ఇవి సరిచూసుకోండి:

- సమయం 24 గంటల లెక్కలో ఉంటుంది. రాత్రి 8 అంటే 20:00.
- ఫోన్ నంబరు దేశం కోడ్‌తో ఇవ్వాలి, అది ఇటలీలో పనిచేసేదై ఉండాలి. సందేశానికి జవాబివ్వకపోతే బుకింగ్ పోవచ్చు.
- చంటిపిల్లలతో సహా మనుషుల సంఖ్య. నలుగురికి తీసుకుని ఆరుగురు వెళ్తే సర్దడానికి చోటుండదు.
- శాకాహారం, అలర్జీలు బుకింగ్‌లోనే రాయాలి. వెళ్లాక చెప్పొచ్చులే అనుకోవద్దు.
- రుచులన్నీ వరసగా వడ్డించే దెగుస్తాత్సియోనే మెనూ కావాలో, ఎవరికి వారు ఆర్డర్ చేస్తారో ముందే అనుకోండి.

చిరునామా వికోలో శాన్ జొవాన్ని బత్తిస్తా, 3. వికోలో అంటే సందు. పెపే కుటుంబం తరాలుగా ఇదే ఊళ్లో పిజ్జాలు చేస్తోంది కాబట్టి ఇంటిపేరు ఒక్కటే వెతికితే మ్యాప్ మరో చోటికి తీసుకెళ్లవచ్చు. సందు పేరుతో పిన్ సేవ్ చేసుకోండి. ఊరి పేరు ఇటాలియన్‌లో సి-ఎ-ఐ-ఎ-జెడ్-జెడ్-ఓ అని రాస్తారు. ఒక్క జెడ్ వదిలేసినా వెతుకులాట దారి తప్పుతుంది.

## 3. వీసా ముందా, టేబుల్ ముందా?

అందరికీ చిక్కు వచ్చేది ఇక్కడే. వీసాకి నెలల ముందే దరఖాస్తు చేయాలి, టేబుల్ బుకింగేమో అంత ముందుగా తెరవరు. ఈ వరసలో వెళ్తే రెండూ కుదురుతాయి:

1. భారతీయ పాస్‌పోర్టుకి షెంగెన్ వీసా, అంటే యూరప్‌లోని చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా కావాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, ఆఖరి గడువు 15 రోజుల ముందు. పెద్దలకి రుసుము 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకి 45. వీసా సెంటర్ సేవా రుసుము వేరు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి.
2. కంపానియాలో కనీసం మూడు రాత్రులు పెట్టుకోండి. వాటిలో రెండు మంగళ, గురువారాల మధ్య పడాలి. అప్పుడు ఒక రోజు టేబుల్ దొరక్కపోయినా రెండోది ఉంటుంది.
3. హోటళ్లు ఉచితంగా రద్దు చేసుకునే షరతు మీదే తీసుకోండి.
4. టేబుల్ దొరికిన రోజే కయాత్సో బసను, కారును ఖాయం చేయండి.

అమెరికాలో గ్రీన్ కార్డు మీద, బ్రిటన్‌లో నివాస అనుమతి మీద ఉన్న మనవాళ్లకీ భారతీయ పాస్‌పోర్టయితే షెంగెన్ వీసా తప్పదు. జర్మనీ, నెదర్లాండ్స్ లాంటి షెంగెన్ దేశాల్లో నివాస కార్డు ఉన్నవాళ్లకి అక్కర్లేదు, 180 రోజుల్లో 90 రోజుల వరకు తిరగవచ్చు. పాస్‌పోర్టు, కార్డు రెండూ జేబులో ఉండాలి.

దిగిన రోజే టేబుల్ పెట్టుకోకండి. 2025 అక్టోబరు నుంచి షెంగెన్ సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫోటో తీసుకునే పద్ధతి మొదలైంది, మొదటిసారి దిగేవాళ్లకి అక్కడ ఆలస్యం కావచ్చు. హైదరాబాద్ నుంచి మధ్యలో విమానం మారి వచ్చినవాళ్లు ఆ రాత్రి తొమ్మిదింటికి పిజ్జా ముందు కూర్చుంటే కళ్లు మూతలు పడతాయే కానీ రుచి తెలియదు.

## 4. కయాత్సో చేరడం

ఏ దారిన వచ్చినా మీకు మజిలీ కజెర్తా. అక్కడి నుంచి కయాత్సో కారులో అరగంట.

నేపుల్స్ విమానాశ్రయం నుంచి: అలీబస్ అనే బస్సు నాపోలి చెంత్రాలే స్టేషన్‌కి తీసుకెళ్తుంది. టికెట్ 5 యూరోలు. అక్కడి నుంచి కజెర్తాకి రీజినల్ రైలు, రైలును బట్టి ముప్పావుగంట వరకు.

రోమ్ నుంచి: తెర్మిని స్టేషన్ నుంచి కజెర్తాకి నేరుగా రైళ్లున్నాయి. వేగంగా వెళ్లేవాటికి గంటంబావు, రీజినల్ రైలుకి దాదాపు రెట్టింపు. నేపుల్స్ దాకా వెళ్లి వెనక్కి రానక్కర్లేదు.

రీజినల్ రైలుకి కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో ముద్ర వేయించాలి. ఫోన్‌లో కొన్న టికెట్‌కి ఎక్కే ముందు చెక్-ఇన్ నొక్కాలి. డబ్బు కట్టి కొన్న టికెట్టే కదా అని వదిలేస్తే జరిమానా పడుతుంది.

కజెర్తా నుంచి కయాత్సోకి మూడు దారులు:

- *అద్దె కారు.* అన్నిటికన్నా స్వేచ్ఛ. నేపుల్స్ నగరంలో కాకుండా విమానాశ్రయంలోనే తీసుకుని నేరుగా బయటపడండి. ఎ1 మోటర్‌వే మీద కజెర్తా నోర్ద్ దగ్గర దిగి ఊరి దారి పట్టాలి.
- *డ్రైవరుతో అద్దె కారు.* ఇటలీలో దీన్ని ఎన్నె-చీ-చీ అంటారు. ముందే మాట్లాడుకోవాలి, రానుపోను కలిపి ధర రాతపూర్వకంగా తీసుకోవాలి. నలుగురుంటే తలకి పడేది ఎక్కువేం కాదు, పైగా వైన్ తాగినా చింత లేదు.
- *బస్సు, లోకల్ రైలు.* పగటిపూట బస్సులున్నా సంఖ్య తక్కువ, ఆదివారాలు ఇంకా తక్కువ. పియెదిమోంతె మతెజె వైపు వెళ్లే చిన్న రైలు మార్గం ఊరి దిగువన పోతుంది. ఊళ్లోనే పడుకునేవాళ్లు వీటిని వెళ్లడానికి మాత్రమే లెక్కలో పెట్టుకోవాలి. భోజనం తర్వాత వీటి మీద తిరిగి రావచ్చనుకుంటే రోడ్డు మీద మిగిలిపోతారు.

మన ఊళ్లలోలాగా యాప్ తెరిస్తే కారు వస్తుందనుకోవద్దు. ఇటలీలో ఆ సేవలు పెద్ద నగరాలు దాటితే దాదాపు లేవు. కజెర్తా స్టేషన్ బయట టాక్సీలుంటాయి, కానీ తిరుగు ప్రయాణానికి రాత్రి 10:30కి ఎవరొస్తారో ఎక్కే ముందే అడిగి నంబరు తీసుకోండి.

మధ్యాహ్నం ఖాళీ ఉంటే, కజెర్తా స్టేషన్ ఎదురుగానే రాజప్రాసాదం ఉంది. తోటే మూడు కిలోమీటర్ల పొడవు కాబట్టి నాలుగు గంటలు కేటాయించాలి. మంగళవారం సెలవు.

## 5. కారు నడిపేవాళ్లకి

భారత లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. దాన్ని ఇండియాలోనే ఆర్టీవో ద్వారా తీసుకోవాలి, ఇటలీ వెళ్లాక దొరకదు. అది ఏడాది చెల్లుతుంది.

అద్దె కౌంటరులో డిపాజిట్‌కి ప్రధాన డ్రైవరు పేరు మీదున్న క్రెడిట్ కార్డే అడుగుతారు. ఫారెక్స్ కార్డు, భార్య పేరు మీది కార్డు చాలాచోట్ల ఒప్పుకోరు. గేర్లు లేని కారు కావాలంటే బుకింగ్‌లోనే ఆటోమేటిక్ అని ఎంచుకోండి, అక్కడ మామూలుగా ఇచ్చేది గేర్ల కారే.

అక్కడ బండి కుడివైపు నడపాలి. ఆ అలవాటు పగలు ఒక గంట చేసుకోకుండా, మొదటిసారే చీకట్లో గుట్ట మలుపుల మీద స్టీరింగ్ పట్టుకోవద్దు. రక్తంలో ఆల్కహాల్ పరిమితి లీటరుకి 0.5 గ్రాములు. లైసెన్సు వచ్చి మూడేళ్లు నిండనివాళ్లకి సున్నా. నడిపేవాళ్లెవరో భోజనానికి ముందే తేలాలి.

పార్కింగ్ గీతల రంగులు గుర్తుంచుకోండి: తెలుపు ఉచితం, నీలం డబ్బు కట్టేది, పసుపు ప్రత్యేకించినవాళ్లది. పాత ఊళ్ల నడిబొడ్డున బయటి వాహనాలకి నిషేధమున్న జోన్లు ఉంటాయి, కెమెరా ఫోటో తీసి జరిమానా ఇంటికి పంపుతుంది. పిజ్జేరియా ఉన్న సందులోకి కారు తీసుకెళ్లే ప్రయత్నమే చేయకండి. ఊరి అంచున ఆపి నడవండి. దారి రాళ్లు పరిచిన ఎత్తుపల్లం, వాన పడితే జారుతుంది. అమ్మానాన్నలు వెంట ఉంటే పట్టున్న చెప్పులు వేయించండి, పదిహేను నిమిషాలు అదనంగా పెట్టుకోండి.

## 6. ఆ రాత్రి అక్కడే పడుకోండి

ఇది సలహా అనుకోకండి, దాదాపు నియమం. ఎనిమిదింటి టేబుల్ పది దాటాకే ముగుస్తుంది. ఆ తర్వాత కజెర్తా చేరి, నేపుల్స్ రైలు అందుకోవడం అదృష్టం మీద ఆధారపడిన పని. కయాత్సోలో చిన్న బసలున్నాయి. చుట్టుపక్కల ఆలివ్ తోటల్లో వ్యవసాయ కుటుంబాలు నడిపే అగ్రితురిజ్మోలున్నాయి. కానీ వాటికి కారు కావాలి.

బసలో పాస్‌పోర్టు చూపించాలి, అతిథుల వివరాలు పోలీసులకు పంపడం అక్కడి చట్టం. వీలైతే సాయంత్రం ఆరులోపే గదికి చేరి తాళంచెవి తీసుకోండి. చిన్న బసల్లో రాత్రంతా ఎవరూ కూర్చోరు. మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత దుకాణాలు మూసి మళ్లీ నాలుగున్నర, ఐదుకి తెరుస్తారు కాబట్టి మంచినీళ్లు, మందులు ముందే కొనుక్కోండి.

## 7. శాకాహారులు ఇక్కడ ఆగి చదవాలి

మాంసం లేకపోతే శాకాహారమే అనుకోవడం ఇటలీలో కుదరదు. మూడు చోట్ల పొరపాటు జరుగుతుంది.

చీజ్. గ్రానా పదానో తయారీలో పాలు విరగడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. కంపానియా గేదెపాల మొజరెల్లాకీ నియమావళి ప్రకారం దూడ రెన్నెటే. ఇటాలియన్లు దీన్ని శాకాహారంగానే లెక్కిస్తారు కాబట్టి అడిగినా అవునంటారు. మీ నియమం దీన్ని ఒప్పుకోదంటే చీజ్ లేని మరినారా మీ పిజ్జా: టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె. అందులోనూ ఆంచోవీ చేపలు వేయరు కదా అని ఒకసారి అడగండి.

చేప. కూరగాయల పిజ్జాల్లోనూ ఆంచోవీ దూరుతుంది. ఆకుకూర స్కరోలాతో చేసే కాల్త్సోనెలో, అంటే మడిచి కాల్చే పిజ్జాలో, ఆలివ్‌లు, కేపర్లతో పాటు ఆంచోవీ వేయడం అక్కడి పద్ధతి. మెనూలో అలీచి, అచ్చూగె, కొలతూరా అనే మాటలు కనబడితే అది చేప.

పందికొవ్వు. స్త్రుత్తో, సూన్యా అంటే పందికొవ్వు. మస్తునికోలా అనే పాత పద్ధతి పిజ్జాలో అదే ప్రధానం. చూడటానికి తులసి, చీజ్ మాత్రమే కనబడతాయి.

ఇంకో మాట: పెపెరోని అని రాసి ఉంటే ఇటలీలో అది క్యాప్సికమ్. అమెరికా పెపరోని సాసేజ్ కాదు. మిరపకాయ పెపెరొంచీనో.

ఈ వాక్యాలు ఫోన్‌లో ఇటాలియన్ లిపిలోకి మార్చి పెట్టుకోండి, చూపిస్తే చాలు:

- సోనో వెజెతారియానో (ఆడవాళ్లయితే వెజెతారియానా): నేను శాకాహారిని.
- నియెంతె కార్నె, నియెంతె పెషె: మాంసం వద్దు, చేప వద్దు.
- సెన్‌త్సా అలీచి, సెన్‌త్సా స్త్రుత్తో: ఆంచోవీ లేకుండా, పందికొవ్వు లేకుండా.

వేయించిన వాటికి నూనె ఒకటేనా, వేరేనా అన్నది పట్టింపైతే అది కూడా బుకింగ్‌లోనే అడగండి.

## 8. ఏం ఆర్డర్ చేయాలి, ఏ వరసలో

ఇటలీలో మనిషికొక పిజ్జా మర్యాద. అయినా ఇంతదూరం వెళ్లి ఒక్కటే తినడం నష్టం. నలుగురుంటే మూడు నాలుగు రకాలు పంచుకోండి. ముఖ్యమైన కిటుకు: అన్నీ ఒకేసారి తెస్తే మూడోది నోట్లో పెట్టేసరికి చల్లారుతుంది. "ఊనా అల్లా వోల్తా, పెర్ ఫవోరె" అని చెప్పండి, ఒకదాని తర్వాత ఒకటి తెమ్మని. పిజ్జా ముక్కలు కోసి రాదు, "ఇన్ క్వాత్రో" అంటే నాలుగుగా కోయమని.

ఈ వరస బాగుంటుంది:

1. పిజ్జా పిండితో చేసి వేయించిన కోన్ ఒకటి, ఆకలి తీవ్రత తగ్గడానికి. అననస్కోస్తా అనేదాంట్లో గ్రానా పదానో చీజ్ క్రీమ్, అనాస, ప్రొషుత్తో అనే ఉప్పువేసి ఆరబెట్టిన పందిమాంసం ఉంటాయి. శాకాహారులకి కాదు.
2. మార్గరీటా స్బాల్యాతా. పేరుకి తప్పు మార్గరీటా అని అర్థం. మామూలు మార్గరీటాలో టమాటా ముందు, చీజ్ పైన పడి రెండూ పొయ్యిలోకి వెళ్తాయి. ఇక్కడ గేదెపాల మొజరెల్లా ఒక్కటే కాలుతుంది. బయటికొచ్చాక స్థానిక రిచ్చో రకం టమాటా పచ్చిగుజ్జు ఎర్ర చారలుగా, తులసి రసం పచ్చ చుక్కలుగా పడతాయి. వేడి చీజ్, చల్లని టమాటా నాలుక మీద విడివిడిగా తెలియాలి. ఆ తేడా కొద్ది నిమిషాలే ఉంటుంది. ఫోటో ఒక్కటి చాలు, వెంటనే తినండి.
3. లా స్కార్పెత్తా. పళ్లెంలో మిగిలిన సాస్‌ని రొట్టెతో తుడుచుకు తినడాన్ని స్కార్పెత్తా అంటారు, మనం చివర్న పులుసుని అన్నం ముద్దతో తుడిచినట్టు. 12 నెలల గ్రానా పదానో క్రీమ్, టమాటా కంపోటు (జామ్‌లా ఉడికించిన గుజ్జు), ఎండబెట్టిన తులసి, పైన 24 నెలల గ్రానా పలుకులు. చీజ్ బరువెక్కువ కాబట్టి స్బాల్యాతా తర్వాతే.
4. క్రిసోమ్మోలా. నేపుల్స్ యాసలో ఆప్రికాట్. వేయించిన పిండి మీద వెసూవియస్ ఆప్రికాట్ జామ్, గేదెపాల రికొత్తా అనే మెత్తని చీజ్, హేజల్‌నట్ పలుకులు. ఇద్దరికి ఒకటి సరిపోతుంది.

ఇద్దరే అయితే 2, 3, 4 తీసుకుని ఆపండి. కడుపు నిండాక వచ్చే నాలుగో పిజ్జా డబ్బుకీ వంటవాడి శ్రమకీ అన్యాయం.

వైన్ తాగేవాళ్లు స్థానిక ద్రాక్ష రకాలు అడగాలి: తెల్లదానికి పల్లగ్రెల్లో బియాంకో, ఎర్రదానికి కజావెక్కియా.

కారం సంగతి. చిల్లీ ఫ్లేక్స్, సాస్ ప్యాకెట్లు టేబుల్ మీద ఉండవు. ఓలియో పిక్కాంతె, అంటే మిరప నూనె, అడగవచ్చు. అయితే స్బాల్యాతా మీద మాత్రం వేయకండి. అందులో ఉన్నదే మూడు రుచులు, కారం తగిలితే మూడూ పోతాయి.

## 9. టేబుల్ దగ్గర

- పది నిమిషాల ముందే చేరండి. ఆలస్యమైతే ఫోన్ చేయండి.
- నీళ్లు సీసాలో వస్తాయి, డబ్బు పడుతుంది. నతురాలె అంటే మామూలువి, ఫ్రిజాంతె అంటే గ్యాస్ ఉన్నవి.
- బిల్లులో కొపెర్తో అని తలకి కొంత పడటం ఇటలీలో మామూలు, మోసం కాదు. టిప్ తప్పనిసరి కాదు.
- బిల్లు అడిగితేనే తెస్తారు: "ఇల్ కోంతో, పెర్ ఫవోరె". తేలేదని చిన్నబుచ్చుకోకండి, మిమ్మల్ని లేపడం ఇష్టంలేకే తేరు.
- అంచులు మెత్తగా, నడుమ పలచగా ఉంటుంది. మధ్యలో తడిగా ఉంటే ఉడకలేదని వెనక్కి పంపకండి. అక్కడి పిజ్జా అలాగే ఉంటుంది.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

టేబుల్ దొరకలేదు. వారం మధ్యకి మార్చండి, సమయం 19:00కో 22:00 తర్వాతకో మార్చి చూడండి. రద్దయిన టేబుళ్ల కోసం ముందు రోజు, ఆ రోజు ఉదయం మళ్లీ వెతకండి. ఆరుగురైతే మూడు మూడుగా విడగొట్టండి.

తిరుగు బండి రాలేదు. పిజ్జేరియా వాళ్లనే ఫోన్ చేసిపెట్టమని అడగండి. తొమ్మిదిన్నరకే అడగాలి, పొయ్యి ఆర్పాక కాదు.

రైలు ఆలస్యం. ఇటలీలో సమ్మెను షోపెరో అంటారు, తేదీ ముందే ప్రకటిస్తారు. ప్రయాణానికి వారం ముందు, ముందు రోజు చూసుకోండి. టేబుల్ రోజున మధ్యాహ్నానికల్లా కజెర్తాలో ఉండేలా పెట్టుకుంటే రెండు రైళ్లు పోయినా చేరతారు.

మధ్యాహ్నమే కడుపు నిండిపోయింది. నేపుల్స్‌లో ఒంటిగంటకి వేయించిన పిజ్జా, పాస్తా తిని రాత్రికి ఇక్కడికి రావడం చాలామంది చేసే పని. ఆ రోజు మధ్యాహ్నం పండ్లు, రొట్టె ముక్కతో సరిపెట్టండి.

## 11. మర్నాడు

ఉదయం బయల్దేరే ముందు గేదెపాల మొజరెల్లా తాజాగా కొనుక్కుంటే ఆ రోజే, ఫ్రిజ్‌లో పెట్టకుండా, దాని నీళ్లలోనే ఉంచి తినేయాలి. ఇంటికి తేవాలనుకోకండి, నీళ్లతో ఉన్న ప్యాకెట్ చేతి సామానులో ఒప్పుకోరు, తీసేస్తే రుచి నిలవదు. కయాత్సో ఆలివ్ నూనె మాత్రం తెచ్చుకోదగ్గది. రేకు డబ్బాలో ఉన్నది కొనండి, మూత చుట్టూ టేపు వేసి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, పెద్ద సూట్‌కేసులో బట్టల మధ్యన పెట్టండి.

కారు వెనక్కిచ్చేటప్పుడు పెట్రోలు నింపడానికి గంట అదనంగా ఉంచుకోండి. చిన్న ఊళ్లలో బంకులు మధ్యాహ్నం మనుషులు లేకుండా యంత్రంతోనే నడుస్తాయి. యంత్రం ముందు కార్డు మీద పెద్ద మొత్తం పట్టి ఉంచి, వాడినంత మాత్రమే తర్వాత తీసుకుంటుంది. ఫారెక్స్ కార్డులో నిల్వ తక్కువుంటే పంపు కదలదు, అందుకని ఇరవై, యాభై యూరోల నోట్లు దగ్గరుంచుకోండి.